పైదూలాల నుంచి వేలాడే పరంజా: తరచుగా అడిగే ప్రశ్నలు

పరంజా అనగానే నేల మీద కాళ్లు ఊని పైకి లేచేదే కళ్ల ముందు మెదులుతుంది. కానీ కింద యంత్రాలు ఆగకుండా తిరుగుతుంటే, అడుగున నీళ్లుంటే, నేల బరువు మోయలేనిదైతే, పని చేయాల్సిన చోటు మరీ ఎత్తున ఉంటే ఆ పద్ధతి కుదరదు. అప్పుడు కట్టడంలోని పైదూలాలకే కట్టి, కిందికి వేలాడదీసి, దాని మీద పలకలు పరుస్తారు. ఇలాంటి పరంజా కట్టేవారు, కట్టించేవారు, దాని మీద నిలబడి రంగులు వేసేవారు, పైపులు బిగించేవారు నన్ను అడిగిన ప్రశ్నలివి. అన్నిటికన్నా ముందు అడగాల్సినదాన్ని చాలామంది చివర్లో అడుగుతారు. అందుకే దాన్ని మొదట పెట్టాను.

పైదూలం ఈ బరువు మోస్తుందని ఎవరు చెప్పాలి?

ఆ కట్టడం లెక్కలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసివ్వాలి.

నేల మీది పరంజాలో బరువంతా కాళ్ల గుండా నేలలోకి దిగుతుంది. వేలాడే పరంజాలో మనిషి, పలక, పెయింటు డబ్బా, చివరికి జేబులోని స్పానర్ బరువు కూడా పైదూలానికే చేరుతుంది. ఆ దూలం అప్పటికే ఒక కప్పునో స్లాబునో క్రేనునో మోస్తూ ఉంటుంది. దానిలో ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందో కంటికి కనబడదు. 'ఇంత లావు దూలం, దీనికి ఏనుగును కట్టినా ఏం కాదు' అనే మాట ప్రతి సైటులోనూ వినిపిస్తుంది. దూలం లావుగా ఉందంటే దాని మీద పెట్టిన బరువు కూడా లావుగానే ఉందని అర్థం.

అమెరికాలోని కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో కట్టడం లోపల వేలాడే పరంజాకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పైకప్పు నిర్మాణానికో, సీలింగ్ దూలాల వంటి నిర్మాణ భాగాలకో తప్ప మరి దేనికీ కట్టకూడదని, పరంజా మొదలుపెట్టకముందే ఆ భాగాలను పరిశీలించి బలం సరిచూడాలని అది చెబుతుంది. ఇందులో 'ముందే' అన్న మాటే కీలకం. సగం పరంజా కట్టాక ఇంజనీరుకు ఫోను చేస్తే, ఆయన చెప్పే జవాబు ఏదైనా మనుషులు అప్పటికే గాల్లో ఉన్నారు.

ఇంజనీరును అడిగేటప్పుడు ఏయే వివరాలు ఇవ్వాలి?

ఏ దూలానికి కడతారు, దాని మీద సరిగ్గా ఎక్కడెక్కడ కడతారు, ఒక్కో చోట ఎంత బరువు పడుతుంది, దూలానికి ఏ వైపు నుంచి పడుతుంది, ఎన్ని రోజులు ఉంటుంది అన్నవి ఇవ్వాలి. 'మొత్తం పన్నెండు వందల కిలోలు' అని ఒక్క అంకె ఇస్తే చాలదు. అదే బరువు దూలం మధ్యలో పడటం వేరు, పిల్లరు పక్కన పడటం వేరు.

ఉక్కు దూలం విషయంలో ఇంకో చిక్కుంది. ఐ ఆకారపు దూలానికి అడుగున అటూ ఇటూ చాచిన రెక్కలుంటాయి. పరంజాను దూలానికి తగిలించే గర్డర్ క్లిప్పులు పట్టేది ఆ రెక్క అంచునే. దూలం మొత్తం మీద బలంగానే ఉన్నా, పట్టుకున్న చోట ఆ పలుచని రెక్క కిందికి వంగిపోవచ్చు. అందుకే దూలం బలం ఒక లెక్క, రెక్క బలం ఇంకో లెక్క. రెండూ అడగాలి.

వేటికి అసలు కట్టకూడదు?

నీటి పైపులు, నిప్పును ఆర్పే స్ప్రింక్లర్ పైపులు, గాలి గొట్టాలు, కేబుళ్లు పరిచిన ట్రేలు, ఫాల్స్ సీలింగ్‌ను పట్టుకున్న కడ్డీలు, మెట్ల రెయిలింగులు. వీటిలో దేనికీ వద్దు. రేకుల కింద ఉండే పలుచని పర్లిన్లు రేకుల్ని మోయడానికే లెక్కించినవి. ఇంజనీరు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప వాటికీ వద్దు. కడ్డీలను త్రికోణాలుగా కలిపి చేసిన ట్రస్సులైతే కడ్డీలు కలిసే కూడలి దగ్గరే కట్టాలి. రెండు కూడళ్ల మధ్య కడ్డీకి కడితే, లాగడానికో నొక్కడానికో తయారైన కడ్డీ వంగాల్సి వస్తుంది. క్రేను నడిచే దూలానికి కట్టాల్సి వస్తే ముందు ఆ క్రేనుకు కరెంటు తీసి, తాళం వేసి, తాళం చెవి పరంజా మీద పని చేసేవారి దగ్గరే ఉంచాలి.

బరువు లెక్క ఎలా వేయాలి?

ఒక చిన్న వేదికతో చూద్దాం. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, విస్తీర్ణం 4.8 చదరపు మీటర్లు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12811 పరంజాలను బరువును బట్టి ఆరు తరగతులుగా విడదీసింది. వాటిలో మూడో తరగతికి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. ఆ లెక్కన మనుషులకు, సామానుకు కలిపి 9.6 కిలోన్యూటన్లు. పలకలు, పైపులు, రెయిలింగు సొంత బరువు చదరపు మీటరుకు 0.5 అనుకుంటే మరో 2.4. మొత్తం 12 కిలోన్యూటన్లు. నాలుగు మూలలా నాలుగు వేలాడు పైపులున్నాయి కాబట్టి ఒక్కోదానికి 3 అని రాసుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఎలా నిలుస్తుందో గుర్తు తెచ్చుకోండి. రెండు కాళ్లు బరువు మోస్తుంటే మిగతా రెండూ నేలను తాకీ తాకనట్టు ఉంటాయి. వేలాడే వేదిక కూడా అంతే. నాలుగింటిలో ఒకటి వేలెడు వదులుగా ఉన్నా, గట్టిగా బిగించిన వేదిక ఎదురెదురు మూలల్లోని రెండు పైపుల మీదే వేలాడుతుంది. అప్పుడు ఒక్కోదాని మీద పడేది 3 కాదు, 6 కిలోన్యూటన్లు. రెండు పైపులను అడ్డంగా కలిపి పట్టే బిగింపును రైట్ యాంగిల్ కప్లర్ అంటారు. మామూలుగా వాడే 'ఎ' (A) తరగతి కప్లర్ పైపు మీద జారకుండా పట్టి ఉంచగల సురక్షిత భారం 6.1 కిలోన్యూటన్లు. అంటే కాగితం మీద సగానికి సగం మిగులు ఉన్నట్టు కనిపించిన చోట నిజానికి మిగిలింది వెంట్రుకవాసి. దీనికి తోడు పనివాళ్లంతా ఒక మూలకు చేరి కిందికి వంగి చూశారంటే ఆ వాసీ ఉండదు.

అందుకే ఒక వేలాడు పైపు పూర్తిగా ఊడిపోయినా వేదిక కూలకుండా నిలిచేలా లెక్క వేయమని నేను ఎప్పుడూ అడుగుతాను. ఓషా అయితే పరంజాలోని ప్రతి భాగం తన సొంత బరువుతో పాటు దాని మీద పడబోయే గరిష్ఠ భారానికి 4 రెట్లు మోయగలగాలని, వేలాడదీసే తాళ్లు, వాటిని కలిపే సామగ్రి 6 రెట్లు మోయగలగాలని అంటుంది.

చెక్ కప్లర్ అంటే ఏమిటి? ఎటువైపు వేయాలి?

బరువు మోసే కప్లర్ జారకుండా దానికి ఆనించి అదే పైపు మీద బిగించే రెండో కప్లర్. వేలాడే పరంజాలో ఇది లేకుండా ఉండకూడదు.

ఎటువైపు అన్నదాని దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. కింద, వేదికను మోసే అడ్డపైపు వేలాడు పైపుకు కలిసే చోట, బరువుకు కప్లర్ పైపు మీద కిందికి జారాలని చూస్తుంది. కాబట్టి చెక్ కప్లర్ దాని కింద ఉండాలి. పైన, దూలాల మీద పరిచిన అడ్డపైపుకు వేలాడు పైపు కలిసే చోట కథ తిరగబడుతుంది. అక్కడ కప్లర్ కదలదు, దాని లోపల నుంచి పైపే కిందికి జారాలని చూస్తుంది. కాబట్టి అక్కడ చెక్ కప్లర్ ప్రధాన కప్లర్‌కు పైన ఉండాలి. పైన పైన, కింద కింద. రెండు చోట్లా కిందే వేసిన పరంజాను నేను చూశాను. పై కప్లర్ల కింద వేసిన నాలుగూ అలంకారానికే తప్ప ఎందుకూ పనికిరావు. అవి పైపుతో పాటే కిందికి పోతాయి. రెండు కప్లర్ల మధ్య వెలుగు కనిపించకూడదు, ఒకదానికొకటి తాకి ఉండాలి.

పైపు చివర కప్లర్ దగ్గరే ఆగిపోకూడదు, కనీసం జానెడు బయటికి ఉండాలి. వేలాడు పైపులో అతుకు పెట్టకూడదు. పైపుల చివరలను కలిపే అతుకు కప్లర్లు నొక్కుడుకు బాగానే నిలుస్తాయి, లాగుడుకు బలహీనం. పొడవు చాలకపోతే పొడవైన పైపు తెప్పించండి.

గర్డర్ క్లిప్పులను ఎలా వాడాలి?

జంటగా. దూలం రెక్కకు అటొకటి, ఇటొకటి. ఒకవైపే పెడితే బరువు దూలాన్ని మెలితిప్పుతుంది, క్లిప్పు కూడా అంచు మీద నుంచి బయటికి జారే దారి వెతుక్కుంటుంది. తయారీదారు చెప్పిన రెక్క మందానికే వాడాలి. దూలం వాలుగా ఉంటే క్లిప్పు వాలు వెంట పాకకుండా అడ్డు కట్టాలి.

బిగించే ముందు ఆ చోటును చేత్తో తడిమి చూడండి. నిప్పు నుంచి కాపాడటానికి ఉక్కు మీద పూసే మెత్తని పూత, పొరలు పొరలుగా లేచిన పాత రంగు, జిడ్డు, తుప్పు పెచ్చులు, వీటి మీద క్లిప్పు పట్టింది అంటే ఉక్కును పట్టలేదు, పూతను పట్టింది. ఒకసారి మా వాళ్లు ఉదయం గట్టిగా బిగించిన క్లిప్పులే సాయంత్రానికి చేతితో తిప్పితే తిరిగాయి. లోపల పూత నలిగి, బోల్టు వదులైంది. అదృష్టం కొద్దీ అప్పటికి పలకలు పరవలేదు. అప్పటి నుంచి ఆ చోట పూత గీకి, ఉక్కు మెరిసేదాకా శుభ్రం చేశాకే క్లిప్పు పెడుతున్నాం. పని అయ్యాక పూత మళ్లీ పూయించే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. లేకపోతే కట్టడానికి నిప్పు నుంచి రక్షణ పోతుంది.

మామూలు కప్లర్ బోల్టులకు సాధారణంగా చెప్పే బిగింపు 50 న్యూటన్ మీటర్లు. స్పానర్‌కు పైపు తొడిగి ఎగిరి తొక్కితే బోల్టు సాగిపోతుంది. అలాంటి బోల్టు చూడటానికి బాగానే ఉంటుంది.

పైపా, గొలుసా, ఉక్కు తాడా?

దూలం పైభాగాన్ని చేరుకోగలిగితే నా ఎంపిక పైపే. దూలాల మీద అడ్డంగా పైపు పరిచి, దాని నుంచి కిందికి పైపులు దించితే క్లిప్పుల పట్టు మీద ఆధారపడే పని ఉండదు. పైపు లాగుడుకే కాదు, కొంతవరకు కింది నుంచి తోసే బలానికి కూడా నిలుస్తుంది. ఆరుబయట గాలి వేదికను కింద నుంచి పైకి ఎత్తుతుంది. గొలుసు, తాడు తోపుడును ఆపలేవు. గాలికి లేచిన వేదిక తిరిగి పడినప్పుడు అవి ఒక్క కుదుపుతో బిగుస్తాయి.

గొలుసు అయితే బరువులెత్తడానికే తయారైన మిశ్రమలోహపు గొలుసు వాడాలి. సామర్థ్యం రాసిన బిళ్ల దానికి ఉండాలి. బిళ్ల లేని గొలుసును వేలాడదీయొద్దు. ముడి వేయకూడదు, లంకెల మధ్య బోల్టు పెట్టి పొట్టి చేయకూడదు. దూలం పదునైన అంచు దగ్గర చెక్క ముక్కో రబ్బరో ఆనించాలి. ఉక్కు తాడుకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఏటవాలుగా వేలాడదీస్తే బరువు పెరుగుతుందా?

పెరుగుతుంది, అదీ ఊహించనంతగా. రెండు గొలుసులు నిలువుగా ఉంటే ఒక్కోటి సగం బరువు మోస్తుంది. అవి అడ్డగీతకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని లాగుడు ఆ సగానికి 1.15 రెట్లు. 45 డిగ్రీల దగ్గర 1.41 రెట్లు. 30 డిగ్రీల దగ్గర సరిగ్గా 2 రెట్లు, అంటే ఒక్కో గొలుసూ మొత్తం బరువంత మోస్తుంది. దీనికి తోడు పైదూలాన్ని పక్కకు లాగుతుంది కూడా. వీలైనంత నిలువుగా వేలాడదీయండి.

ఉక్కు తాడు క్లిప్పులు ఎన్ని పెట్టాలి?

కనీసం మూడు. తయారీదారు ఎక్కువ చెబితే అన్ని. క్లిప్పులో గాడి ఉన్న దిమ్మ బరువు మోసే పొడవాటి తాడు వైపు ఉండాలి. యూ ఆకారపు బోల్టు మడిచి వెనక్కి తెచ్చిన పొట్టి చివర వైపు ఉండాలి. తిరగేసి పెడితే బోల్టు బరువు మోసే తాడునే కొరుకుతుంది. తాడు మడిచిన చోట అది నలగకుండా లోపల పెట్టే లోహపు గాడి, అంటే థింబుల్, ఉండాలి. మొదటిసారి బరువు పడగానే తాడు కొద్దిగా సన్నబడి క్లిప్పులు వదులవుతాయి కాబట్టి అప్పుడు మళ్లీ బిగించాలి. ప్రతి షిఫ్టు మొదట్లో చూసి బిగించాలి.

కాంక్రీటు దూలానికి రంధ్రం చేసి యాంకర్ (లోపల పట్టి నిలిచే బోల్టు) వేయవచ్చా?

వేయవచ్చు గానీ నాకు ఇష్టమైన పద్ధతి కాదు. దూలం చుట్టూ చుట్టడమో, అడ్డంగా ఇవతలి నుంచి అవతలికి బోల్టు దూర్చి రెండు వైపులా పలక బిగించడమో కుదిరితే అదే మేలు. కింద నుంచి గుచ్చిన యాంకర్ ఎప్పుడూ ఊడి పడే దిశలోనే బరువు మోస్తుంది. అది పట్టుకున్నది దూలం అడుగుభాగాన్ని, అంటే బరువుకు సాగి సన్నని పగుళ్లు వచ్చే చోటును. రంధ్రం చేసే ముందు లోపలి కమ్మీలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించాలి. బిగించి లాగిన ఉక్కు తీగలున్న దూలమైతే ఇంజనీరు అనుమతి లేకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు. వేసిన యాంకర్లను లాగి పరీక్షించాకే పైకి ఎక్కాలి.

జిగురు పోసి నిలిపే యాంకర్ల గురించి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలోని బోస్టన్‌లో 2006 జులై 10న ఒక రోడ్డు సొరంగంలో పైకప్పుకు వేలాడే కాంక్రీటు పలకలు ఊడి కారు మీద పడి ఒకరు చనిపోయారు. యాంకర్లను పట్టి ఉంచిన ఎపాక్సీ, ఆగకుండా పడుతున్న లాగుడుకు నెమ్మదిగా సాగుతూ వచ్చి పట్టు వదిలేసిందని దర్యాప్తులో తేలింది. ఆ రోజు లాగి చూస్తే నిలిచిన యాంకర్ నెలల తరబడి లాగుడుకు నిలవాలని లేదు. పైనుంచి వేలాడదీయడానికి జిగురు వాడాల్సివస్తే ఎడతెగని లాగుడుకు పరీక్షించి ఆమోదించినదే కావాలి.

కొత్తగా పోసిన కాంక్రీటుకు?

బలం వచ్చిందని పరీక్షలో తేలేదాకా వద్దు. 1978 ఏప్రిల్ 27న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్‌లో కూలింగ్ టవర్ కడుతుండగా, ముందురోజు పోసిన కాంక్రీటుకు పట్టించిన పరంజా కూలి 51 మంది చనిపోయారు. ఆ కాంక్రీటుకు తగినంత బలం ఇంకా రాలేదు.

ఒక వేదిక కింద ఇంకో వేదికను వేలాడదీయవచ్చా?

పై వేదిక అడ్డపైపులకు కింది వేదికను కట్టొద్దు. కింది వేదికను మోసే పైపులు నేరుగా పైదూలం దాకా వెళ్లాలి.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఉన్న హయత్ రీజెన్సీ హోటల్లో అదే తేడా 114 మంది ప్రాణాలు తీసింది. అక్కడ రెండు నడక వంతెనలు పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలతో ఒకదాని కింద ఒకటి వేలాడేవి. మొదటి నమూనాలో ఒకే పొడవైన కడ్డీ పై వంతెన గుండా కింది దాకా వెళ్లేది. కట్టే సులువు కోసం దాన్ని రెండు ముక్కలు చేశారు. పై కడ్డీ పై వంతెనను మోసేలా, కింది వంతెన పై వంతెన దూలం నుంచి వేలాడేలా మార్చారు. దాంతో పై వంతెన దూలం కింద ఉన్న నట్టు ఒక వంతెన బరువు మోయాల్సింది పోయి రెండింటి బరువూ మోయాల్సి వచ్చింది. కడ్డీ తెగలేదు. నట్టు దూలం పెట్టెను చీల్చుకుని బయటికి వచ్చేసింది.

పరంజా మీద ఈ పొరపాటు ఒక మధ్యాహ్నం చాలు జరగడానికి. 'ఇంకో రెండు మీటర్లు కిందికి అందితే పని అయిపోతుంది' అని ఎవరో అడుగుతారు, చేతిలో నాలుగు పైపులు ఉంటాయి. అప్పుడు ఆపే మనిషి సైటులో ఉండాలి.

వేదిక ఊగకుండా ఏం చేయాలి?

రెండు దిశల్లోనూ ఏటవాలు బ్రేసింగు వేయాలి, పక్కనున్న పిల్లరుకో గోడకో కట్టాలి. ఆ కట్టు పక్కకు కదలకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. చుట్టూ టార్పాలిన్ పట్టాలు కడితే గాలి తెరచాపను పట్టినట్టు పడుతుంది. లెక్కలో ఆ పట్టా లేకపోతే కట్టొద్దు.

పలకలు, రెయిలింగు కొలతలు?

పలకల మధ్య సందు 2.5 సెంటీమీటర్లు దాటకూడదు. రెయిలింగు ఎత్తు మీటరు, దాని నడుమ ఇంకో పైపు, అడుగున 15 సెంటీమీటర్ల ఎత్తు పలక. ప్రతి పలకనూ రెండు చివరలా కట్టేయాలి. ఎంతమంది, ఎంత సామాను ఎక్కవచ్చో ఎక్కే చోటే పెద్ద అక్షరాలతో, పని చేసేవారు చదవగల భాషలో రాసి పెట్టాలి.

సేఫ్టీ బెల్టు కొక్కెం ఎక్కడ తగిలించాలి?

పరంజా రెయిలింగుకు కాదు. పరంజాకు సంబంధం లేకుండా, పైన గట్టి నిర్మాణానికి వేరుగా కట్టిన రక్షణ తాడుకు, అంటే లైఫ్‌లైనుకు తగిలించాలి. వేదిక కూలితే దానికే తగిలించిన బెల్టు మనిషిని దానితో పాటే తీసుకుపోతుంది. ఈ మాట కట్టేవారికీ విప్పేవారికీ మరింత వర్తిస్తుంది. ఎందుకంటే వాళ్లు పని చేసేది రెయిలింగు ఇంకా లేని చోట.

బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి. కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు, దేనితో, ఎలా దించుతారో పని మొదలుకాకముందే తేల్చుకుని ఒకసారి చేసి చూడండి.

వేలాడే పరంజా మీద వెల్డింగ్ చేయవచ్చా?

ఉక్కు తాళ్లతో వేలాడుతుంటే చాలా జాగ్రత్త. వెల్డింగ్ కరెంటు తాడు గుండా దారి వెతుక్కుంటే లోపలి తీగలు కాలిపోతాయి. తాడును వేదిక నుంచి, దూలం నుంచి కరెంటు పాకకుండా వేరు చేయాలి. నార, నైలాన్ తాళ్లు నిప్పు దగ్గర ఉండకూడదు.

తనిఖీ ఎప్పుడు?

ప్రతి షిఫ్టు ముందు. పెద్ద గాలి, ఏదైనా ఢీకొనడం, మార్పు చేయడం జరిగితే వెంటనే. చూడాల్సింది పలకల నుంచి పైకి కాదు, పైదూలం నుంచి కిందికి. పైన చూడటం కష్టం కాబట్టి కింద చూసి సంతకం పెట్టేస్తారు. పై క్లిప్పు దాకా వెళ్లగలిగే దారి పరంజాతో పాటే కట్టించండి. క్లిప్పు పక్కన దూలం మీద రంగు పెన్సిలుతో ఒక గీత గీయండి. రేపు ఆ గీత, క్లిప్పు అంచు విడిపోయి కనిపిస్తే అది జారిందని అర్థం, దాని మీదికి ఎవరూ ఎక్కకూడదు. ఉక్కు తాడులో ఒక మెలిక పొడవులో, అంటే ఒక పేట తాడు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగే పొడవులో, అక్కడక్కడా కలిపి ఆరు తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా ఆ తాడు మార్చాలి.

విప్పేటప్పుడు ఏమి గుర్తుంచుకోవాలి?

ముందు సామాను, మిగిలిపోయిన చెత్త దించి వేదికను ఖాళీ చేయాలి. తరువాత కట్టిన వరుసకు సరిగ్గా తిరగేసి విప్పాలి. బ్రేసింగు, పక్క కట్లు అడ్డుగా ఉన్నాయని ముందే తీసేస్తే మిగతాది ఊయల అవుతుంది. ఒక వేలాడు పైపు తీశాక దాని బరువు పక్కవాటి మీద పడుతుంది కాబట్టి, విప్పిన పైపులను, కప్లర్లను మిగిలిన పలకల మీద గుట్ట పోయకుండా ఎప్పటికప్పుడు తాడుతో కిందికి దించాలి. కింద మనుషులు రాకుండా తాడు కట్టి ఒకరిని నిలబెట్టాలి. చివరి క్లిప్పు తీసే మనిషి వేదిక మీద ఉండకూడదు. లిఫ్టు యంత్రం బుట్టలోనో, పైదూలం మీద లైఫ్‌లైనుకు తగిలించుకునో ఉండాలి. ఆ క్లిప్పు తీశాక దూలం రెక్కను ఒకసారి చూసి, వంపు గానీ పగులు గానీ కనిపిస్తే ఇంజనీరుకు చెప్పి, నేలకు దిగాలి.